గణితం బోగీ బరువు

నమోదు 1. జూన్ 14, ఉదయం 6.10

మా విశ్వవిద్యాలయం 22 టన్నుల 600 కిలోల అధిక బరువుతో ఉందని ఘాట్ కంట్రోల్ ఈ ఉదయం తెలియజేసింది. 18వ తేదీ ఉదయం 5.40కి కొండ ఎక్కే వంతు మాది. అప్పటికి ఆ బరువు తగ్గకపోతే రైలును కదలనివ్వరు. 19న కొండ మీద మంచుగూడ స్టేషన్‌లో గుర్తింపు మండలి తనిఖీ ఉంది. అక్కడ మేం కనిపించకపోతే గుర్తింపు రద్దవుతుంది.

రైలుకు పదకొండు బోగీలు. ఘాట్‌లో పరిమితి 440 టన్నులు. గుమ్మడివలస కాటా మీద నిన్న తేలిన బరువు 462 టన్నుల 600 కిలోలు. ప్రస్తుతం కొండ కింద ఆ స్టేషన్‌లోనే ఆగి ఉన్నాం. వాన పడుతోంది. మెస్‌లో ఉప్మా.

ఈ లాగ్ రాయడం నా ఉద్యోగం. ప్రతి విశ్వవిద్యాలయం ఒక మనిషి చేత, కలంతో, కాగితం మీద దినచర్య రాయించాలన్నది మండలి నిబంధన. అంతకు ముందు ముప్పై నాలుగేళ్ళు పత్రికలో పనిచేశాను. వీసీ ఇందుమతి గారు నన్ను తీసుకునేటప్పుడు ఒకటే షరతు పెట్టారు.

"అంకెలు రాయండి, పేర్లు రాయండి. నన్ను మాత్రం పొగడకండి, తిట్టకండి."

"తిట్టాల్సి వస్తే?"

"టైము వేసి రాయండి. చదివినవాళ్ళే తిడతారు."

నమోదు 2. జూన్ 14, మధ్యాహ్నం 1.00

అకడమిక్ కౌన్సిల్ రిజిస్ట్రార్ బోగీలో సమావేశమైంది. అందులో పద్దెనిమిది మంది కూర్చునే గుండ్రటి టేకు బల్ల ఉంది. పదకొండేళ్ళ క్రితం, పట్నంలో క్యాంపస్ ఖాళీ చేసి చేపల గోదాముకు అప్పగించిన రోజున, అక్కడి నుంచి తెచ్చుకున్నది ఈ బల్ల ఒక్కటే. విద్యార్థులు క్యాంపస్‌కు రావడం మానేశారు కాబట్టి విశ్వవిద్యాలయమే పట్టాలెక్కింది. పద్నాలుగు స్టేషన్లు, ఒక్కోచోట నెలకు రెండు రోజుల మకాం, మొత్తం 8,840 మంది విద్యార్థులు.

ఎజెండాలో ఒకే అంశం: ఏ బోగీ ఊడదీయాలి?

ఇప్పటివరకు నాలుగు ఊడదీశారు. చరిత్ర, తత్వశాస్త్రం, వృక్షశాస్త్రం, సంగీతం. వాటిలో ఒక్కటి కూడా తిరిగి తగిలించలేదు. చరిత్ర బోగీ ఇప్పుడు పాలవలస స్టేషన్‌లో కోళ్ళ ఫారం.

రిజిస్ట్రార్ గేదెల సుందరరావు గారు విద్యార్థుల పట్టిక చదివారు. అన్నిటికంటే తక్కువ మంది గణితంలో ఉన్నారు. రైల్లో నివాసముండి చదివేవాళ్ళు నలుగురు. స్టేషన్లలో డిగ్రీ పాఠాలకు వచ్చేవాళ్ళున్నారు గానీ, వాళ్ళకు స్టేషన్ల దగ్గరే తరగతులు పెట్టవచ్చని ఆయన వాదన. పైగా లెక్కలు చెప్పడానికి అందరి చెవుల్లోనూ తోడు అనే మాట్లాడే యంత్రం ఉంది. అడగడమే ఆలస్యం, లెక్క చేసేస్తుంది.

"గణితం బోగీ 29 టన్నుల 400 కిలోలు. ఊడదీస్తే ఇంకా ఆరేడు టన్నులు మిగుల్తాయి" అన్నారు సుందరరావు గారు. "ఒక్క దెబ్బతో పనైపోద్ది."

గణితం లెక్చరర్ కొర్రా మాణిక్యం లేచి నిలబడ్డాడు. వయసు ముప్పై ఎనిమిది. ఆ శాఖలో మిగిలిన ఏకైక అధ్యాపకుడు. సొంత ఊరు మంచుగూడ.

"నన్నొక ప్రశ్న అడగనివ్వండి."

"మీ శాఖ విషయం కాబట్టి మీరు మాట్లాడకూడదు. నిబంధన 31" అన్నారు సుందరరావు గారు.

"ప్రశ్న అడగడం మాట్లాడటం కిందికొస్తదా?"

"ఒస్తది."

మాణిక్యం కూర్చున్నాడు. పద్నాలుగు మంది ఊడదీయమన్నారు, ఇద్దరు వద్దన్నారు. అధ్యక్ష స్థానంలో ఉన్నందున వీసీ ఓటు వేయలేదు. సమావేశం మూడు గంటల పది నిమిషాలు నడిచింది. అందులో రెండు గంటలు గత సమావేశం మినిట్స్ ఆమోదించడానికి పట్టింది.

నమోదు 3. జూన్ 15, ఉదయం 9.20

బుధవారం కిటికీలు తుడిచే రోజు. ఎవరి బోగీ కిటికీలు వాళ్ళే తుడుచుకోవాలి. గణితం బోగీ ముందు నలుగురు విద్యార్థులూ బకెట్లతో నిలబడి ఉన్నారు.

"రేపు ఊడదీసే బోగీకి తుడవడం ఎందుకు?" అని అడిగాను.

"కోళ్ళు బయటికి చూడాలి కదండి" అంది జన్ని కుసుమ. ఆమె రెండో సంవత్సరం ఎమ్మెస్సీ. నలుగురిలోనూ నోరున్న మనిషి ఆమే.

లోపల మాణిక్యం నల్లబల్ల మీద ఏదో రాసి చెరిపేస్తున్నాడు. నిన్న అడగనివ్వని ప్రశ్న ఏమిటని అడిగాను.

"పోయిన ఏడాది జూన్‌లో ఇవే పదకొండు బోగీలతో మనం కొండ ఎక్కినాం. అవునా?"

"అవును."

"అప్పుడు ఎవరూ ఆపలేదు. ఈ ఏడాది బోగీలు పెరగలేదు, ఇంజిన్ మారలేదు. మరి బరువెక్కడిది? నేనడగాలనుకున్నది ఇంతే. పదహారు మంది డాక్టరేట్లు ఏది తీసేద్దామని ఆలోచించినారు. ఏది పెరిగిందని ఒక్కరూ అడగలేదు."

"తోడును అడగలేదా?"

"అడిగినాను సార్" అంది కుసుమ. "బరువు తగ్గించుకోడానికి పదిహేడు మార్గాలు చెప్పింది. అందులో అన్నం తగ్గించడం కూడా ఉంది."

కాటా దగ్గర పాత రిజిస్టర్ ఉంటుందని చెప్పాను. నేను పత్రికలో ఉన్నప్పుడు రవాణా వార్తలు చూసేవాడిని. రైల్వేలో తూచిన లెక్కలేవీ పారెయ్యరు.

నమోదు 4. జూన్ 15, సాయంత్రం 4.15

గుమ్మడివలస కాటా ఆపరేటర్ సీదరి సుగుణ. వయసు ఇరవై తొమ్మిది. ఎనిమిది నెలలుగా ఈ ఉద్యోగంలో ఉంది. ఈ ప్లాట్‌ఫారం మీదే మూడేళ్ళు మా రైలుకు వచ్చి గణితంలో డిగ్రీ చేసింది. గణితం పాసైతేనే ఇచ్చే ఉద్యోగం ఇది. కాటా కంప్యూటర్ చెప్పిన బరువును మనిషి విడిగా చేత్తో లెక్క కట్టి సంతకం చేయాలి. మూడేళ్ళ క్రితం కంప్యూటర్ ఒక్కదాన్నే నమ్మి ఒక గూడ్సును ఎక్కించినప్పుడు అది సగం దారి నుంచి వెనక్కి జారింది.

ఆమె మాణిక్యాన్ని చూడగానే కుర్చీలోంచి లేచింది.

"కూర్చోమ్మా, ఇప్పుడు మేమే నీ దగ్గర నిలబడాలి" అన్నాడు మాణిక్యం.

"అలాగంటారేటి మాస్టారూ. ఏటి కావాల?"

పోయిన ఏడాది జూన్ రిజిస్టర్ తీసింది. నిన్నటి రిజిస్టర్ పక్కన పెట్టింది. బోగీల వారీగా తేడాలు చదివింది, కుసుమ రాసుకుంది. నేనూ రాసుకున్నాను.

పోయిన ఏడాది మొత్తం: 439 టన్నుల 100 కిలోలు.
ఈ ఏడాది పెరిగింది: 23 టన్నుల 500 కిలోలు.
అందులో రిజిస్ట్రార్ బోగీ ఒక్కటే పెరిగింది: 22 టన్నుల 300 కిలోలు.

మిగతావన్నీ కలిసి టన్ను చిల్లర పెరిగాయి. గణితం బోగీ మాత్రం 55 కిలోలు తగ్గింది.

"యాభై అయిదు కిలోలు ఏటి తగ్గిందండి?" అంది సుగుణ.

"శ్రీధర్" అంది కుసుమ. "మూడో సెమిస్టర్‌లో మానీసి రొయ్యల చెరువుకెళ్ళిపోయినాడు."

నమోదు 5. జూన్ 16, సాయంత్రం 6.30

రిజిస్ట్రార్ బోగీలో ఏం పెరిగిందో వెతకాల్సిన అవసరం లేకపోయింది. తలుపు తీస్తే కనిపిస్తుంది. జవాబు పత్రాలు.

పోయిన ఏడాది జూలైలో గుర్తింపు మండలి కొత్త నిబంధన తెచ్చింది. తోడు ఎవరి చేతిరాతనైనా తెర మీద అచ్చం రాసేస్తోంది కాబట్టి, ప్రతి పరీక్షా, ప్రతి క్లాసు టెస్టూ కాగితం మీద కలంతోనే రాయించాలి. ఆ కాగితాలు ఏడేళ్ళు భద్రపరచాలి. మూగబోగీలో పరీక్షలు పెట్టడం అప్పుడే మొదలైంది. ఆ బోగీకి చుట్టూ రాగి వల ఉంటుంది. లోపలికి వెళ్తే చెవిలో తోడు పలకదు. మొదటి వారం ఇద్దరు పిల్లలు భయపడి బయటికి పరుగెత్తారు.

ఏడాదికి ఒక్కో విద్యార్థి రెండున్నర కిలోల కాగితం రాశాడు. 8,840 మంది. మొత్తం 22 టన్నుల 100 కిలోలు. మిగతా రెండు వందలు ఇనుప రాక్‌లు.

వీసీ ఇందుమతి గారు గతంలో నేలల శాస్త్రం చెప్పేవారు. ఏ విషయమైనా చేతిలోకి తీసుకుని చూసే అలవాటు ఆవిడకు అప్పటిది. ఒక కట్ట తీసి అరచేతిలో పెట్టుకుని చూశారు. కట్ట మీద స్టేషన్ పేరు, విద్యార్థి నంబరు ఉన్నాయి.

"స్టేషన్ల వారీగా కట్టారా?"

"అవునండి. నేనే దగ్గరుండి కట్టించినాను" అన్నారు సుందరరావు గారు, కొంచెం గర్వంగా.

"అయితే ఇచ్చేద్దాం."

"ఏటి?"

"ఎవరు రాసినవి వాళ్ళకు. రోజూ కిందికి గూడ్సు వెళ్తుంది కదా. గార్డు ఒక్కో స్టేషన్‌లో కట్టలు దింపుతాడు. క్లాసు లీడర్ సంతకాలు పెట్టించుకుని పంచుతాడు. ఏడేళ్ళు ఎవరి పేపర్లు వాళ్ళు దాచుకుంటారు. మండలి అడిగినప్పుడు తెచ్చి చూపిస్తారు."

సుందరరావు గారు రాక్‌కు ఆనుకున్నారు. పాతికేళ్ళుగా రిజిస్ట్రార్ ఆఫీసుల్లో పనిచేసిన మనిషి.

"మేడమ్, నా మాట వినండి. ఒకడు చింపేస్తాడు. ఒకడు దిద్దేస్తాడు. ఒకడి ఇంట్లో ఆవు తినేస్తది. రేపు మండలోళ్ళు వొచ్చి పత్రాలేవీ అంటే, ఆవునడగండి అని చెప్పమంటారేటి?"

"ఎనిమిది వేల ఎనిమిది వందల నలభై మందిలో ఎన్ని ఆవులుంటాయండీ?"

"నవ్వులాట కాదు మేడమ్. గుర్తింపు పోతే మొత్తం రైలే పోద్ది. గణితం బోగీ ఒక్కటి పోతే నలుగురే పోతారు."

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. వీసీ కిటికీలోంచి గణితం బోగీ వైపు చూశారు. కిటికీలు శుభ్రంగా ఉన్నాయి.

"నేను వచ్చాక రెండు బోగీలు ఊడదీశాను" అన్నారు. "రెండుసార్లూ మీరిదే అన్నారు. నేను సరేనన్నాను. పిల్లల్ని దింపేసి పిల్లలు రాసిన కాగితాలు మోసుకుపోతే, పైన దేనికి గుర్తింపు ఇస్తారు?"

"కౌన్సిల్ తీర్మానం ఉంది కదండి."

"తీర్మానంలో మొదటి వాక్యం చదవండి."

ఆయన చదివారు. రైలు బరువు తగ్గించుటకుగాను, అని ఉంది.

"తగ్గిస్తున్నాం" అన్నారు వీసీ. "మండలికి ఉత్తరం నేను రాస్తాను, నా సంతకంతో. తేడా వస్తే నా ఉద్యోగం పోతుంది. మీది ఉంటుంది."

ఉదయం 10 నుంచి సాయంత్రం 6 దాకా దింపారు. వరుసలో 212 మంది నిలబడి చేతులు మార్చుకుంటూ కట్టలు అందించారు. కుసుమ ప్లాట్‌ఫారం మీద లెక్క పెట్టింది. ఆఖరి కట్ట సుందరరావు గారే దింపారు. గూడ్సు వ్యాన్ తలుపు మూసేదాకా అక్కడే నిలబడ్డారు.

నమోదు 6. జూన్ 17, ఉదయం 11.00

ఇంకా 500 కిలోలు తగ్గాలి. అరగంట వెతికాక అందరి కళ్ళూ గుండ్రటి బల్ల మీద పడ్డాయి. బల్ల, పద్దెనిమిది కుర్చీలు కలిపి 540 కిలోలు తూగాయి. దింపేశారు. ఇకపై అకడమిక్ కౌన్సిల్ నిలబడి సమావేశమవుతుంది. ఈ ఉదయం మొదటి సమావేశం జరిగింది. పదకొండు నిమిషాలు పట్టింది.

మండలి నుంచి జవాబు వచ్చింది. ఇన్‌స్పెక్టర్ సొంతంగా ఏడు విద్యార్థి నంబర్లు ఎంచి పంపారు. ఆ ఏడుగురి పత్రాలు 19న ఉదయం పది గంటలకు తన ముందు బల్ల మీద ఉండాలి. ఒక్కటి లేకపోయినా, ఒక్కదాంట్లో దిద్దుబాటు కనిపించినా గుర్తింపు నిలిపివేస్తారు.

"బల్ల ఎక్కడిదండీ?" అన్నారు సుందరరావు గారు. రెండు రోజుల్లో ఆయన వేసిన మొదటి జోక్ అది. జోక్ అని ఆయనకు తెలిసినట్టు లేదు.

నమోదు 7. జూన్ 17, సాయంత్రం 5.30

ఏడుగురిలో ఆరుగురికి కబురు అందింది. నలుగురి పత్రాలు మధ్యాహ్నం గూడ్సులో తిరిగి ఇక్కడికి వచ్చాయి. మిగతా ఇద్దరు స్వయంగా పట్టుకొచ్చారు. అందులో ఒకాయన చేపల వలలు బాగుచేసే పని చేస్తాడు. పేపర్లను వల గుడ్డలో చుట్టి తెచ్చాడు. వాసన వచ్చింది గానీ మడత కూడా పడలేదు.

ఏడో నంబరు సీదరి సుగుణది. పోయిన ఆగస్టులో రాసిన చివరి పరీక్ష. కట్టను నిన్ననే ప్లాట్‌ఫారం మీద సంతకం పెట్టి తీసుకుంది. నాలుగు గంటలకు ఆమె వీసీ గది దగ్గరికి వచ్చింది. గదిలో వీసీ, సుందరరావు, మాణిక్యం ఉన్నారు. మూలన నేను.

ఆమె పత్రం తెరిచి ఏడో ప్రశ్న చూపించింది. వాలు మీద బరువు లాగే లెక్క.

"ఇది తప్పండి."

మాణిక్యం చూశాడు. జవాబు పక్కన అతని చేత్తో వేసిన ఆరు మార్కులు ఉన్నాయి.

"ఇక్కడ పట్టాల రాపిడి కలపలేదు నేను. ఆ తప్పు మీద ఇంకో తప్పు సేసినాను. రెండూ కలిసి ఆఖరికి సరైన అంకె వొచ్చీసింది. మీరు ఆఖరి అంకె చూసీసి మార్కులు ఏసీసినారు మాస్టారూ."

మాణిక్యం మొహం ఎర్రబడింది. మూగబోగీలో రెండు రోజుల్లో రెండు వందల నలభై పేపర్లు దిద్దానని తర్వాత నాతో చెప్పాడు. అప్పుడు మాత్రం ఆ మాట అనలేదు. "నాదే తప్పు" అన్నాడు.

"మొత్తం ఎన్నొచ్చాయి?" వీసీ అడిగారు.

"నలభై ఒకటండి. పాసు నలభై."

ఆరు తీసేస్తే ముప్పై అయిదు. డిగ్రీ ఉండదు. కాటా ఉద్యోగం ఉండదు.

సుందరరావు గారు తలుపు దగ్గరగా వేశారు.

"అమ్మా, మార్కులు మాస్టారు వేసినవే, దిద్దుబాటు ఏదీ లేదు. ఇన్‌స్పెక్టర్ కాగితం నిజమా కాదా అని చూస్తాడు గానీ లెక్క సరిచూస్తాడా? నువ్వెందుకు ఇదంతా చెప్తన్నావు?"

"ఎవులూ సూడరని నాకూ తెలుసండి. కాని నిన్న రేత్రంతా ఆ పేజీయే. రేపు పొద్దున మీ రైలుని తూచి, ఎక్కొచ్చు అని సంతకం ఎట్టేది నేనేనండి. రాపిడి కలపడం మర్సిపోయిన మనిషి సంతకం."

వీసీ ఆ పేజీని తన వైపు తిప్పుకుని చూశారు. బయట టీ క్యాన్ చప్పుడు.

"ఇప్పుడు ఆ లెక్క చెయ్యగలవా?" వీసీ అడిగారు.

"సెయ్యగల్నండి. రోజూ సేస్తున్నదే. అప్పుడు రానిది ఇప్పుడొచ్చు."

"మాణిక్యం గారూ, దిద్దడంలో తప్పు జరిగితే నిబంధన ఏమంటుంది?"

మాణిక్యం నోరు తెరిచేలోపు సుందరరావు గారే చెప్పారు. పాతికేళ్ళ అలవాటు. "నిబంధన 44. తప్పు దిద్దిన ప్రశ్నకు అదే శాఖ మళ్ళీ పరీక్ష పెట్టవచ్చు. ఆ శాఖ నడుస్తుండాలి." "శాఖ నడుస్తుండాలి" అని మళ్ళీ అన్నారు, ఈసారి తనకే చెప్పుకుంటున్నట్టు.

పాత పేపరు, తప్పుతో సహా, ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టాలని వీసీ నిర్ణయించారు. దాని పక్కన మాణిక్యం రాసిన ఒప్పుకోలు, దాని పక్కన కొత్త జవాబు ఉంటాయి. కొత్త జవాబు కూడా తప్పైతే దాన్నీ పెడతారు. మా రైల్లోనే మంచుగూడ వచ్చి పరీక్ష రాయడానికి సుగుణ ఒక రోజు సెలవు రాసిచ్చింది.

నమోదు 8. జూన్ 18, ఉదయం 5.50

సుగుణ రైలును తూచింది. కంప్యూటర్ లెక్క ఒకటి, ఆమె చేతి లెక్క ఒకటి. రెండూ కలిశాయి. 439 టన్నుల 960 కిలోలు. గణితం బోగీతో సహా. ఆమె రాసినదాన్ని తర్వాతి డ్యూటీ ఆపరేటర్ మొదటి నుంచి మళ్ళీ లెక్క కట్టాడు. అలా చేయమని ఆమే అడిగింది. అతనూ సంతకం పెట్టాడు.

అప్పుడు ఆమె బ్యాగు తీసుకుని రైలెక్కబోయింది. మళ్ళీ దిగింది.

"ఏమైంది?" అన్నాడు మాణిక్యం.

"నలభై కిలోలే మిగిలుందండి. నేను యాభై రెండు."

ఘాట్ కంట్రోల్ గార్డు గడియారం చూశాడు. 5.31. కుసుమ తన పుస్తకాల సంచీ దింపబోయింది. దాంతో ఏడు కిలోలే తగ్గేది.

రిజిస్ట్రార్ బోగీ తలుపు తెరుచుకుంది. సుందరరావు గారు ఒక ఇనుప పెట్టె రెండు చేతులా పట్టుకుని దిగారు. విశ్వవిద్యాలయం రబ్బరు స్టాంపులు అన్నీ అందులోనే ఉంటాయి. అరవై మూడు స్టాంపులు. ఆ పెట్టె తాళం ఆయన ఎవరికీ ఇవ్వగా నేను చూడలేదు. పెట్టె పద్నాలుగు కిలోలు తూగింది. తాళంచెవి తీసి స్టేషన్ మాస్టర్ చేతిలో పెట్టారు.

"ఒకటి మాత్రం ఉంచుకున్నాను" అన్నారు, చొక్కా జేబు తట్టుకుంటూ. "రీ-ఎగ్జామినేషన్."

5.40కి రైలు కదిలింది. రెండు కిలోలు మిగిలాయి.

నమోదు 9. జూన్ 18, మధ్యాహ్నం 12.10

మంచుగూడ చేరాం. పదకొండు బోగీలు. మెస్‌లో పులిహోర. వాన తగ్గింది. సుందరరావు గారు కూర్చోడానికి కుర్చీ లేక గణితం బోగీలో విద్యార్థుల బెంచీ మీద కూర్చుని ఏడు పత్రాలూ వరుసగా సర్దుతున్నారు. కుసుమ ఆయనకు టీ తెచ్చింది. ఆయన కప్పును పత్రాలకు మూడడుగుల దూరంలో పెట్టించారు.

రేపటి కార్యక్రమం, నోటీసు బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు:

జూన్ 19, ఉదయం 8.00. మూగబోగీ. పునఃపరీక్ష. ప్రశ్న ఒకటి, మార్కులు ఆరు. అభ్యర్థి: సీదరి సుగుణ. పరీక్షకుడు: కొర్రా మాణిక్యం. దిద్దినది సరిచూచువారు: గణితం విద్యార్థులు నలుగురూ.

ఉదయం 10.00. గణితం బోగీ. గుర్తింపు మండలి తనిఖీ.